లీటరుకు ఐదు

తాడేపల్లిగూడెం,
మార్చి 14, 2004.

మార్తమ్మక్కకు తమ్ముడు వెస్లీ వందనాలు.

ఫోను చేద్దామనుకున్నాను గానీ, మీ వీధి చివర ఎస్టీడీ బూతువాడు నువ్వు మాట్లాడే ప్రతి ముక్కా విని సాయంత్రానికల్లా ఆకివీడంతా పంచిపెడతాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నిజానికి ఇద్దరం అనకూడదేమో. బిందుకు నెల తప్పింది. బావగారికి నువ్వే చెప్పు, నాకు సిగ్గు.

ఇంకో సంగతి. మా ఓనరు నరసింహమూర్తి గారి అబ్బాయి జయంత్ ఇంజనీరింగు చదివి వచ్చాడు కదా, వచ్చీరాగానే లారీలన్నిటికీ ఒక్కో డబ్బా తగిలించాడు. డ్యాష్‌బోర్డు మీద, స్టీరింగుకు ఎదురుగా, సబ్బుపెట్టె అంత ఉంటుంది. దానికి మూడు దీపాలు. ఆక్సిలేటరు మెత్తగా తొక్కితే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. కాస్త తొందరపడితే పసుపుది. ఇంజను మీద విరుచుకుపడ్డామా, ఎర్రది వెలిగి కీచుమని అరుస్తుంది. డ్రైవర్లంతా దానికి అత్తగారు అని పేరు పెట్టారు. ఎదురుగా కూర్చుని మనం చేసే ప్రతి పనికీ మొహం మారుస్తుంది కాబట్టి.

అందరూ తిట్టుకుంటున్నారు గానీ నాకు మాత్రం ఈ అత్తగారితో భలే కుదిరింది. రోజంతా ఆకుపచ్చ దీపం ఆరకుండా నడుపుతున్నాను. బావగారు నాకు అప్పగించిన బండే ఇది. గేర్‌బాక్సు కొత్తది వేయించి, అద్దాలు తుడిచి, తాళం నా చేతిలో పెట్టి, ఇంటికి దగ్గరగా ఉంటుందని ఆయన కొల్లేరు చెరువుల బండి తీసుకున్నారు. ఆయన నడిపిన రోజుల్లో ట్రిప్పుకు ఇంత అని డీజిల్ పోసేవారు, మీటరు ఎవరూ చూసేవారు కాదు. ఇప్పుడు గుమాస్తా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎంత డీజిల్ తాగిందో చూస్తున్నాడు. లీటరుకు నాలుగు ఇస్తే చాలనుకునే బండి నా కాలి కింద ఐదు ఇస్తోంది అక్కా. నరసింహమూర్తి గారు పదిమందిలో నా భుజం తట్టారు. ఇలాగే సాగితే బండ్లన్నిటి మీదా నన్ను పెద్దను చేసి గూడెంలోనే ఉంచుతారట. పురిటి సమయానికి నేను రోడ్ల మీద కాకుండా ఇంట్లో ఉంటాను.

అందుకని కృతజ్ఞత కూటం పెట్టుకుందామనుకుంటున్నాను. ఇక్కడ కాదు, మీ ఇంటి ముందే. మన డ్రైవర్లూ సంఘస్తులూ ఎక్కువమంది అక్కడే ఉన్నారు. ఓనరు గారిని కూడా పిలుస్తాను. లేచి సాక్ష్యం చెబుతాను. పందిరి ఖర్చు నాది, కోడి పలావు బాధ్యత నీది.

నీ తమ్ముడు,
వెస్లీ.


ఆకివీడు,
ఏప్రిల్ 9, 2004.

వెస్లీ,

బిందును ఎండలో తిప్పకు. ఈ మాట ముందు రాయకపోతే తర్వాత మర్చిపోతాను.

కూటం అయిపోయి నువ్వు బస్సెక్కావు గానీ, ఇక్కడ దాని గురించి కబుర్లు ఇంకా అయిపోలేదు. పలావు మాడిందని ఒకరు, మాడలేదని ఒకరు. పాస్టరు గారి వాక్యం పొడుగైందని అందరూ. నీ సాక్ష్యం మాత్రం బాగుందన్నారు. బొత్తిగా నోరు లేని పిల్లాడివని చిన్నప్పుడు నిన్ను వెనకేసుకొచ్చేదాన్ని. ఆ రోజు మైకు పట్టుకుని, "మా బావగారు నడిపిన బండేనండి, మా బావగారు తొక్కిన పెడలేనండి. దేవుడి మీద నమ్మకం ఉంచి కాలు అదుపులో పెట్టుకుంటే ఏ రోడ్డు మీదైనా, ఏ బండికైనా ఐదు వస్తుందండి. రాకపోతే లోపం బండిలో లేదు, కాలిలో ఉంది" అంటుంటే నాకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా మీ బావ అన్నారు. పందిరి గుంజ కదిలిందనుకో.

ఓనరు గారు ముందు వరసలో కూర్చుని తల ఊపుతూ విన్నారు. పలావు తిని, చెయ్యి కడుక్కుంటూ, "మీ తమ్ముడు మంచిమాట చెప్పాడమ్మా" అన్నారు. నేనూ సంబరపడ్డాను.

తర్వాత సోమవారం ఆఫీసులో డ్రైవర్లందరినీ పిలిచి చెప్పారట. ఇకనించి బండి ఏదైనా, రోడ్డు ఏదైనా లీటరుకు ఐదు రావాలి. తగ్గితే ఎక్కువ తాగిన డీజిల్ ఖరీదు జీతంలో విరుస్తారు. "మీవాడే కదయ్యా అందరి ముందూ దేవుడి పేరు మీద చెప్పాడు" అన్నారట.

మీ బావను అడిగితే చూద్దాంలే అన్నారు. నాకు మాత్రం మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టుంది. నువ్వేమంటావు?

అక్క.


తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 27, 2004.

అక్కా,

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. ఐదు అనేసరికి అందరూ బెదిరిపోతున్నారు. మొదట్లో నేనూ బెదిరినవాడినే. బావగారికి ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించు.

బండి కదలగానే తొందరగా పై గేరు వేసుకోవాలి. ముందు గేదెలో, జనమో కనబడితే బ్రేకు దాకా రాకుండా దూరం నించే కాలు ఎత్తేయాలి. ఊరికే ఇంజను ఆడుతూ ఉండనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అత్తగారి మీదనించి కన్ను తీయకూడదు. నేను రోడ్డునైనా మర్చిపోతాను గానీ ఆ దీపాన్ని మర్చిపోను.

నాకు స్టీరింగు నేర్పిన మనిషికి నేను చెప్పడమేమిటని అనుకోవద్దు. ఆయన పాతకాలం డ్రైవరు, ఇంజను మోత విని నడుపుతారు. ఇది చూసి నడిపే కాలం. మన డ్రైవర్లలో అప్పారావు లాంటివాళ్ళు గొణుగుతున్నారని విన్నాను. గొణిగేవాడికి పెడల్ బరువుగానే ఉంటుంది. నేను చేసి చూపించాను కదా.

ఓనరు గారు నాకోసం ఆఫీసు పక్కన గది ఖాళీ చేయిస్తున్నారు. బిందు కర్టెన్లకు గుడ్డ కూడా చూసిపెట్టుకుంది.

వెస్లీ.


ఆకివీడు,
జులై 11, 2004.

వెస్లీ,

నువ్వు రాసిన నాలుగు ముక్కలూ మీ బావకు చదివి వినిపించాను. ఆఖరిదాకా విని, "బాగా రాశాడు" అన్నారు. అన్నం ముందు కూర్చుంటే ఉప్పెక్కువైందని కూడా చెప్పని మనిషి, ఇంకేమంటారు?

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నీది హైవే. తాడేపల్లిగూడెం నించి ఏలూరు దాకా పలకలాంటి రోడ్డు. ఈయనది చెరువుల గట్టు. అవతల నీళ్ళు, ఇవతల నీళ్ళు, మధ్యలో మోకాలి లోతు బురద. పైన ఐసూ చేపలూ నిండిన బండి. మొదటి గేరు దాటితే చక్రం తిరుగుతుంది గానీ బండి కదలదు. మీ అత్తగారు గట్టెక్కినప్పటినించి దిగేదాకా ఎర్రగా అరుస్తూనే ఉంటుందట. పెడల్ తెలియడం లేదని చెప్పులు విప్పి ఒట్టికాళ్ళతో నడుపుతున్నారు. అయినా నాలుగు కూడా రావడం లేదు. నెల నెలా జీతం విరుగుతూనే ఉంది. దాని గురించి నేను రాయను. డబ్బు లేకుండా నెల గడపడం నాకు కొత్త కాదు.

నేను రాయాలనుకున్నది వేరే. లంకలోని సువార్తమ్మ తెలుసు కదా, మన చర్చిలో చివరి బల్ల మీద కూర్చుంటుంది. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మలుపు దాకా నడిచి వస్తుంది. ఆ మలుపులో మీ బావ బండి ఆపి, బుట్ట అందుకుని, ఆవిడను క్యాబినులో ఎక్కించుకుని ఆకివీడు బజారులో దింపేవారు. ఆవిడనే కాదు, ఆ దారిలో బుట్టతో ఎవరు నిలబడినా గట్టు మీద ఏ డ్రైవరైనా ఆపుతాడు. అది అక్కడి పద్ధతి.

ఇప్పుడు ఆపడం లేదు. బురదలో నిండు బండి ఒకసారి ఆపి మళ్ళీ కదిలించాలంటే ఎంత డీజిల్ తాగుతుందో నీకు తెలుసు. మొదటిరోజు ఆయన చూడనట్టు వెళ్ళిపోయారు. తనను చూడలేదనుకుని మర్నాడు ఆవిడ ఇంకాస్త ముందుకొచ్చి చెయ్యి ఊపింది. ఆ తర్వాత చెయ్యి ఎత్తడం కూడా మానేసింది. వానలో అంత దూరం నడిచే వస్తోంది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నా పక్కకు వచ్చి, "పాపారావుకి చూపు తగ్గినట్టుందమ్మా. పాపం, ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడం లేదు. ఏలూరు తీసుకెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించు, అశ్రద్ధ చేయకు" అంది. నిందగా కాదు. నిజంగానే బెంగపడి అంది. నేను సరేనన్నాను. మీ బావ చెప్పులు వేసుకుంటూ విన్నారు. ఆ పూట అన్నం ముట్టలేదు.

నువ్వు ఓనరు గారితో ఒక్కమాట చెప్పలేవా? గట్టు రోడ్డు వేరు, హైవే వేరు అని. నీ మాట ఆయన వింటారు.

అక్క.


తాడేపల్లిగూడెం,
జులై 30, 2004.

అక్కకు,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. ఒంట్లో అంత బాగుండడం లేదు. పెద్దగా ఏమీ కాదు, నిద్ర పట్టడం లేదు.

ఓనరు గారితో మాట్లాడాలి. ఇప్పుడు సమయం కాదు. కొంచెం ఓపిక పట్టమని బావగారితో చెప్పు. నేను కూటంలో చెప్పినవన్నీ అంత పట్టించుకోవద్దని కూడా చెప్పు.

అప్పారావు ఇప్పుడు నాతోపాటే గూడెం, ఏలూరు మధ్య తిరుగుతున్నాడు. మంచివాడే.

సువార్తమ్మ గారిని అడిగానని చెప్పు. వద్దులే, చెప్పకు.

వెస్లీ.


ఆకివీడు,
ఆగస్టు 19, 2004.

వెస్లీకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఏముందని చదవడానికి? మొదటి ఉత్తరంలో సబ్బుపెట్టె గురించే పేజీ నింపినవాడివి, బావ గురించి రెండు ముక్కలు రాయడానికి నీకు చెయ్యి రాలేదు.

ఫోనులో చెప్పవలసిన సంగతే ఇది. కావాలనే ఉత్తరంలో రాస్తున్నాను, నువ్వు చదవాలని.

పోయిన గురువారం మీ బావ నిండు బండితో ఉప్పుటేరు వంతెన దిగుతున్నారు. దిగుడులో ఇంజను ఆపేసి బండిని దొర్లనిచ్చారు. చాలారోజులుగా అలాగే చేస్తున్నారట, నాకు తెలియదు. దొర్లినంత దూరం డీజిల్ మిగులుతుందని. ఇంజను ఆగితే బ్రేకులకు గాలి చాలదని నాకు ఇప్పుడు తెలిసింది. ఆయనకు ఎప్పటినించో తెలుసు. ఎదురుగా గేదెల మంద వచ్చింది. రెండుసార్లు బ్రేకు పట్టింది, మూడోసారి పట్టలేదు. స్టీరింగు పక్కకు తిప్పేశారు. బండి కాలవగట్టు మీదనించి ఒరిగి బురదలో ఆగింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. దేవుడికి స్తోత్రం అని రాయాలి. రాస్తున్నాను.

చేపలన్నీ రోడ్డున పడితే ఏరుకోవడానికి జనం వచ్చారు. ఏరి మళ్ళీ పెట్టెల్లో సర్దింది మాత్రం సువార్తమ్మ ఒక్కతే. వానలో నడిచి వస్తూ చూసిందట. తర్వాత ఆయన పక్కన కూర్చుని, "చూపు సంగతి నేను మార్తమ్మకి ముందే చెప్పానయ్యా" అంటూ తడిచెంగుతో మొహం తుడిచింది. మీ బావ అప్పుడు ఏడ్చారు. చెయ్యి విరిగినందుకు కాదు.

నరసింహమూర్తి గారు వచ్చి చూశారు. "పాపారావుకి వయసైపోయింది. కట్టు విప్పాక ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చోమనండి" అన్నారు. ఇక స్టీరింగు ఇవ్వరు. ఆ మాట అన్నప్పటినించి ఈయన బయటికి రావడం లేదు. వీధిలో లారీ వెళితే ఏ గేరులో ఉందో వింటూ పడుకుంటున్నారు.

నీ దగ్గర ఏదో ఉంది వెస్లీ. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నాకు తెలుసు. అదేమిటో రాయి.

అక్క.


తాడేపల్లిగూడెం,
ఆగస్టు 26, 2004.

అక్కా,

రాస్తున్నాను. చదివాక చింపేయాలనిపిస్తుంది, చింపకు.

జులై మొదట్లో అప్పారావు, నేను ఒకే మిల్లులో తవుడు లోడు చేసుకుని ఒకేసారి బయల్దేరాం. భీమడోలులో టీ తాగాం. ఏలూరు గోడౌనులో ఒకేచోట దింపాం. దిగాక వాడు నా క్యాబినులోకి తొంగిచూసి, "గురువుగారూ, మనిద్దరం ఒకే రోడ్డు మీదే వచ్చాం కదండీ, మీ మీటరు నా మీటరు కంటే ఎక్కువ తిరిగిందేంటండీ" అని నవ్వాడు. ఎక్కడో మిల్లు చుట్టూ తిరిగి ఉంటానులే అన్నాను. వాడు నమ్మాడు. నేను నమ్మలేదు.

మర్నాడు హైవే మీద దీపం చూడడం మానేసి కిలోమీటరు రాళ్ళు చూశాను. పది రాళ్ళు దాటేసరికి నా మీటరు పదకొండు చూపించింది. వచ్చేటప్పుడు మళ్ళీ చూశాను. అంతే. అంటే నా ఐదు ఐదు కాదక్కా. నాలుగున్నర. అత్తగారి వల్ల బాగుపడింది సగమే. మిగతా సగం మీటరు చెప్పిన అబద్ధం. ఏలూరు షెడ్డులో గేర్‌బాక్సు మార్చినప్పుడు మీటరుకు వేరే బండి సామాను ఏదో వేసి ఉంటారు. అప్పట్లో మీటరు ఎవరూ చూసేవారు కాదు కాబట్టి బావగారికీ తెలిసి ఉండదు.

ఇన్ని నెలలు ఆ రోడ్డు మీద తిరిగి ఒక్క రాయి వంక చూడలేదు. దీపం ఆకుపచ్చగా ఉంటే చాలు, లోకమంతా బాగానే ఉందనుకున్నాను.

అక్కడ ఆగితే అది పొరపాటు. నాది పొరపాటు కాదు. నీ జులై ఉత్తరం వచ్చేనాటికి నాకు ఇది తెలుసు. సువార్తమ్మ గారి సంగతి చదివాను, బావగారు ఒట్టికాళ్ళతో నడుపుతున్నారని చదివాను. అన్నీ తెలిసి, నిద్ర పట్టడం లేదని రాశాను. ఒక్కమాట చెబితే గది పోతుంది, పెద్దరికం పోతుంది. బిందుకు కాళ్ళు వాస్తున్నాయి, ఈ సమయంలో ఎలా అనుకున్నాను. పురుడయ్యాక చెబుదామనుకున్నాను. బావగారి చెయ్యి అందాకా ఆగలేదు.

ఆయన మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వే నెమ్మదిగా, ఆయన మనసు బాగున్నప్పుడు చెప్పు. ఓనరు గారికి మాత్రం ఇప్పుడే తెలియనివ్వకు.

వెస్లీ.


ఆకివీడు,
సెప్టెంబరు 2, 2004.

వెస్లీ,

చదివాను. చింపలేదు. మీ బావకు చెప్పలేదు, చెప్పను కూడా.

ఎందుకో విను. నేను చెబితే ఆయన పోనీలే చిన్నవాడు అంటారు. నాకు తెలుసు. ఆ మాట నీకు రాసి పంపిస్తాను. నీకు ఆ పూట నించి నిద్ర పడుతుంది. అప్పారావుకు జీతం విరుగుతూనే ఉంటుంది. గట్టు మీద ఆడవాళ్ళు నడుస్తూనే ఉంటారు. వంతెన దిగుడులో రేపు ఇంకొకడు ఇంజను ఆపుతాడు. ఆదివారం బడిలో పిల్లలకు పశ్చాత్తాపం అంటే ఏమిటో ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. ఇది కాదురా అది.

నువ్వు తప్పు మా ఇంట్లో చెవిలో చెప్పలేదు. పందిరి వేసి, మైకు పెట్టి, దేవుడి పేరు మీద చెప్పావు. అందరిచేతా ఆమేన్ అనిపించుకున్నావు. ఆ ఆమేన్‌లన్నీ వాళ్ళకు తిరిగి ఇచ్చేయాలి. ఎక్కడ చెప్పావో అక్కడే చెప్పు, వాళ్ళందరి ముందే చెప్పు. ముందు ఓనరు గారికి చెప్పు.

నాకూ నిద్ర పట్టడం లేదు. ఆ రోజు గర్వంతో ఏడ్చిన కళ్ళు నావే. ఏ రోడ్డు మీదైనా అని నువ్వన్నప్పుడు, గట్టు రోడ్డు పక్కన ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకైనా అనుమానం రావాలి కదా. రాలేదు. మావాడు ఎంత బాగా మాట్లాడుతున్నాడో అనే చూశాను.

బిందుకు కాళ్ళు వాస్తున్నాయంటే ఉప్పు తగ్గించమను. కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోవద్దను.

అక్క.


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 15, 2004.

అక్కా,

ఓనరు గారికి చెప్పాను.

జయంత్ నా మాట నమ్మలేదు. నా పక్కన క్యాబినులో కూర్చుని హైవే మీదికి వచ్చి తనే రాళ్ళు లెక్కపెట్టాడు. నాకు వచ్చిన లెక్కే అతనికీ వచ్చింది. ఆఫీసులో వాళ్ళ నాన్నగారికి, "మనం తప్పు నంబరు పెట్టాం నాన్నా" అన్నాడు. ఆ మాటకు నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

నరసింహమూర్తి గారు మాత్రం, "మీటరు బాగుచేయించు. ఐదు మాత్రం అలాగే ఉండనీ. అందరూ ఎలాగో తెస్తూనే ఉన్నారు కదా" అన్నారు.

"ఎలా తెస్తున్నారో మా బావగారి చెయ్యి చూశారు కదండీ" అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. "ఈ సంగతి బయట అనకు వెస్లీ. నీ గది నీకుంటుంది, నీ పని నీకుంటుంది. పిల్లలు పుట్టబోయేవాడివి" అన్నారు. నేను నీకు రాసిన మాటలే ఆయన నోట విన్నట్టుంది. తల దించుకుని వచ్చేశాను.

రాత్రి బిందుకు అంతా చెప్పాను. కర్టెన్ గుడ్డ మడిచి పెట్టెలో పెట్టేసింది. "రేపు పురిటికి మీ అక్క వస్తారు కదండీ. ఆవిడ చేతి అన్నం తినాలంటే మనకు నోరు రావాలి కదండీ" అంది.

వచ్చే ఆదివారం వస్తున్నాను. ఆరాధన అయ్యాక సాక్ష్యాల సమయంలో నిలబడతాను. అప్పారావును, మిగతా డ్రైవర్లను తప్పకుండా రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. బావగారు వస్తారా? రాకపోతే ముందు ఇంటికే వచ్చి ఆయనకు చెప్పి వెళతాను. సువార్తమ్మ గారు ఆ చివరి బల్ల మీద ఉంటారు కదా. చూపు బాగానే ఉన్న మనిషి తనను చూసి కూడా ఎందుకు ఆపలేదో ఆవిడకు తెలియాలి. అది తలుచుకుంటేనే ఆకివీడు వైపు కాలు పడడం లేదు. కాలు అదుపులో ఉంచుకోమని అందరికీ చెప్పినవాడిని.

వెస్లీ.


ఆకివీడు,
శుక్రవారం.

వెస్లీకి మీ బావ పాపారావు రాయునది.

మీ అక్క స్త్రీల కూటానికి వెళ్ళింది. ఎడమ చేత్తో రాస్తున్నాను, కూడబలుక్కుని చదువుకో. నేను ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది.

నీ ఉత్తరాలు చదివాను. మీ అక్క బైబిల్లో దాచింది, నాకు దొరికాయి. బావగారికి తెలిసి ఉండదు అని రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

తెలుసురా.

ఏలూరు షెడ్డులో గేర్‌బాక్సు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మీటరు కేబులు దగ్గర ఉండే చిన్న పళ్ళచక్రం అరిగిపోయింది. ఆ బండిది దొరకలేదని మేస్త్రీ వేరే బండిది వేశాడు. "మీటరు కొంచెం తొందరగా తిరుగుతుందండి, ఏం పర్వాలేదు కదండి" అన్నాడు. ఏం పర్వాలేదన్నాను. అప్పుడు నిజంగానే ఏమీ లేదు. నీకు తాళం ఇచ్చేటప్పుడు చెప్పాలని కూడా తోచలేదు.

కూటంలో నువ్వు లేచి ఐదు అనగానే నాకు ఆ చక్రం గుర్తొచ్చింది. అప్పుడే చెప్పాలి. ఒరే కూర్చో, అది మీటరు మహిమ అని నవ్వుతూ అనేస్తే అక్కడితో అయిపోయేది. నువ్వు అంతమందిలో నా పేరు చెప్పి, మా బావగారు తొక్కిన పెడల్ అన్నావు. మీ అక్క కళ్ళు తుడుచుకుంటోంది. ఓనరు నా వంక చూసి తల ఊపాడు. నా నోట్లోంచి ఆమేన్ వచ్చింది. అందరికంటే గట్టిగా వచ్చింది. ఎందుకంత గట్టిగా వచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత ఐదు పెట్టారు. అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే నీ పరువు పోతుందని మానేశానని నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే. తప్పు నంబరైనా సరే, నిన్న మొన్నటి పిల్లాడు తెచ్చింది నేను తేలేనా అనుకున్నాను. తెచ్చి చూపించి ఆ తర్వాత చెబుదామనుకున్నాను. అందుకే ఇంజను ఆపాను. మీ అక్క నా చెయ్యి చూసి నిన్ను తిడుతోంది. ఈ చెయ్యి నేను విరగ్గొట్టుకున్నది.

చెయ్యి అతుక్కుంటుంది. నన్ను తినేస్తున్నది వేరే. అప్పారావుకైతే ఆ ఐదు నిజమనే తెలుసు. వాడు ఎవరినైనా దాటి వెళ్ళిపోతే ఆ పాపం వాడిది కాదు. అది అబద్ధమని తెలిసినవాడిని నేను ఒక్కడినే. తెలిసి, వానలో బుట్ట దించుకుని నిలబడిన సువార్తమ్మను చూసి, కళ్ళు అత్తగారి మీద పెట్టుకుని దాటిపోయాను. ఒకరోజు కాదు. ఆవిడ నాకు చూపు తగ్గిందని ప్రార్థన చేయిస్తోంది.

ఐదు ఉంటుందో, మారుతుందో అప్పారావు వాళ్ళు తేల్చుకుంటారు. నిజం తెలిస్తే వాళ్ళు ఊరుకోరు. నా స్టీరింగు సంగతి వదిలేయ్, గేటు దగ్గర కూర్చోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆదివారం రా. బిందును బస్సులో తిప్పకు, ఇంట్లోనే ఉంచు. చర్చిలో నా పక్కన కూర్చో. మీ అక్కకు ఈ ఉత్తరం సంగతి తెలియదు, అక్కడే అందరితోపాటు వింటుంది. సాక్ష్యాలు అని పాస్టరు గారు అనగానే నువ్వు తొందరపడి లేవకు. ముందు నేను లేవాలి.